పాత పికప్ ట్రక్కులకు ఐదు గేర్ల మార్పిడి

అమెరికాలో 1940ల నుంచి 1970ల దాకా తయారైన పికప్ ట్రక్కుల్లోని మూడు లేదా నాలుగు గేర్ల గేర్‌బాక్స్‌ను దించేసి, దాని స్థానంలో ఓవర్‌డ్రైవ్ (ఇంజను కంటే వెనక షాఫ్ట్ వేగంగా తిరిగే గేరు) ఉన్న ఐదు గేర్ల మాన్యువల్ గేర్‌బాక్స్ ఎక్కించే పని అక్కడి పాత బండ్ల అభిమానుల్లో 1980ల తర్వాత బాగా పాకింది. కొత్త రంగు, కొత్త చక్రాలు, కొత్త ఇంజను అందరికీ కనబడతాయి. ఇది కనబడదు. బానెట్ ఎత్తి చూసినా తెలియదు. క్యాబిన్‌లో స్టీరింగ్ పక్కన ఉండాల్సిన గేర్ రాడ్ నేలమీదికి దిగి ఉంటే తప్ప కొత్తవాడు గుర్తుపట్టడు. అయినా పాత ట్రక్కును ఇప్పటి రోడ్ల మీద రోజూ తిప్పదగ్గ బండిగా మార్చడంలో దీనికి సాటి వచ్చే పనులు తక్కువ. గేర్‌బాక్స్ సంపాదించడం ఇందులో సులువైన భాగం. దానికి ముందున్న క్లచ్, వెనకున్న షాఫ్ట్, కిందున్న ఛాసిస్, పైనున్న సీటు అన్నీ దానికి తగ్గట్టు సర్దుకోవాలి. ఖర్చూ కాలమూ పోయేది అక్కడే.

మూడు గేర్లు చాలిన కాలం

షెవ్రొలే కంపెనీ 1947 జూన్ చివర్లో 'అడ్వాన్స్ డిజైన్' పేరుతో యుద్ధానంతర ట్రక్కులను విడుదల చేసింది. 1955 దాకా వచ్చిన ఈ శ్రేణిలోని అర టన్ను పికప్ ఈ మార్పిడికి అచ్చమైన ఉదాహరణ. అందులో 1953 దాకా 216 ఘనపు అంగుళాల, అంటే దాదాపు మూడున్నర లీటర్ల, ఆరు సిలిండర్ల ఇంజను ఉండేది. అది 3,300 ఆర్‌పీఎం దగ్గర 90 హార్స్‌పవర్ ఇచ్చేది. కనెక్టింగ్ రాడ్ల కింది బేరింగులు బాబిట్ లోహంతో పోత పోసినవి. వాటికి నూనె పూర్తి ఒత్తిడితో అందదు. రాడ్ అడుగున ఉన్న చిన్న చెంచా లాంటి భాగం నూనెను తోడుకుంటుంది. నెమ్మదిగా తిరుగుతూ బరువు లాగడానికి పుట్టిన ఇంజను అది. గంటల తరబడి అధిక వేగంతో తిప్పితే దానికి పడదు.

వెనక ఇరుసులో నిష్పత్తి 4.11. గేర్‌బాక్స్‌లో మూడు గేర్లు, చివరిది డైరెక్ట్, అంటే నిష్పత్తి 1.00. చక్రం వ్యాసం 28 అంగుళాలు అనుకుని లెక్క వేస్తే, గంటకు 96 కిలోమీటర్ల వేగంలో ఇంజను సుమారు 2,950 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతూ ఉంటుంది. గరిష్ఠ శక్తి వచ్చే బిందువుకు అది ఎంతో దూరంలో లేదు. పొలం నుంచి పక్క ఊరి సంతకు, కలప మిల్లు నుంచి రైల్వే యార్డుకు వెళ్లే బండికి ఆ వేగం అవసరమే రాలేదు. 1956లో అంతర్రాష్ట్ర రహదారుల చట్టం వచ్చాక అమెరికా రోడ్ల స్వభావం మారింది. ట్రక్కులు అంత తొందరగా మారలేదు.

బరువు పనులకు నాలుగు గేర్ల రకాలూ ఉండేవి. జనరల్ మోటార్స్ ఎస్ఎం420, 1968 నుంచి దాని స్థానంలోకి వచ్చిన ఎస్ఎం465, న్యూ ప్రాసెస్ వారి ఎన్‌పీ435, బోర్గ్ వార్నర్ టి-18 వీటిలో పేరున్నవి. ఇనుప పోత పెట్టెలు. ఎంత బరువు లాగినా విరగవు. కానీ ఎస్ఎం420లో మొదటి గేరు నిష్పత్తి 7.05, ఎస్ఎం465లో 6.55. ఆ గేరులో బండి మనిషి నడక కంటే పెద్ద వేగంగా పోదు. అమెరికన్లు దాన్ని 'గ్రానీ గేరు' అంటారు, అంటే అమ్మమ్మ గేరు. ఖాళీ బండిని అందరూ రెండో గేరులోనే కదిలిస్తారు. నాలుగో గేరు మళ్లీ డైరెక్టే. పేరుకు నాలుగు గేర్లున్నా రోడ్డు మీద పనికొచ్చేవి మూడే. హైవే మీద ఇంజను రొద ఒక్క పిసరు తగ్గదు.

ఇరుసు మార్చితే చాలదా?

ఐదు గేర్ల గురించి ఆలోచించే ప్రతి ఒక్కరికీ ఎవరో ఒకరు ఇచ్చే సలహా ఇది: గేర్‌బాక్స్ జోలికి పోవద్దు, వెనక ఇరుసులో క్రౌన్-పినియన్ నిష్పత్తి తగ్గించు. సలహా తప్పు కాదు. 4.11 బదులు 3.42 పెడితే అదే 96 కిలోమీటర్ల వేగంలో ఇంజను 2,460 ఆర్‌పీఎంకు దిగుతుంది. ఖాళీగా చదును నేల మీద తిరిగే బండికి అంతటితో సరిపోతుంది. కానీ ఇరుసు నిష్పత్తి అన్ని గేర్లకూ ఉమ్మడి. చివరి గేరులో ఇంజనుకు విశ్రాంతి ఇస్తే, మొదటి గేరులో లాగే బలం అంతే మేరకు పోతుంది. తల కప్పుకుంటే కాళ్లు బయటపడే పొట్టి దుప్పటి వ్యవహారం. బరువు వేసుకుని ఎత్తు మీద బండి కదపాలంటే క్లచ్‌ను అరగదీయాల్సిందే.

చూడాల్సింది మొదటి గేరుకూ చివరి గేరుకూ మధ్య ఉన్న వ్యాప్తి. మొదటి గేరు 2.94, చివరిది 1.00 ఉన్న మూడు గేర్ల పెట్టెలో ఈ వ్యాప్తి 2.94 మాత్రమే. మస్టాంగ్ కారులో వచ్చిన టి-5లో మొదటిది 3.35, ఐదోది 0.68; వ్యాప్తి దాదాపు 4.9. ఎన్‌వీ3500లో 4.02కు 0.73, వ్యాప్తి ఐదున్నర. బరువుతో కదలడానికీ హైవే మీద సుఖంగా పోవడానికీ ఒకే పెట్టెలో చోటు దొరికింది. ఇరుసును 4.11 దగ్గరే ఉంచి ఐదో గేరుగా 0.73 వాడితే, గంటకు 96 కిలోమీటర్ల దగ్గర ఇంజను 2,160 ఆర్‌పీఎం చుట్టూ తిరుగుతుంది. అంటే ప్రతి నిమిషం సుమారు 800 చుట్లు తగ్గాయి. రొద, కంపనం, పెట్రోలు అన్నీ ఆ మేరకు తగ్గుతాయి.

ఓవర్‌డ్రైవ్ ఆలోచన ఐదు గేర్లతో పుట్టింది కాదు. బోర్గ్ వార్నర్ కంపెనీ మూడు గేర్ల పెట్టె వెనక తగిలించే ఆర్-10, ఆర్-11 ఓవర్‌డ్రైవ్‌లను ఎంతో ముందే తయారుచేసింది. వాటి నిష్పత్తి 0.70. విద్యుత్ సొలినాయిడ్‌తో పనిచేసే ఆ పరికరం అప్పట్లో చాలా కార్లలో వచ్చింది. పాత రూపం చెడకూడదని పట్టుదల ఉన్నవారు ఇప్పటికీ దాన్నే వెతికి బిగిస్తారు. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కనే ఉండిపోతుంది మరి.

ఏ గేర్‌బాక్స్?

1975లో అమెరికా ఇంధన చట్టం వాహన తయారీదారులకు మైలేజీ ప్రమాణాలు విధించింది. ఓవర్‌డ్రైవ్ ఉన్న ఐదు గేర్ల పెట్టెలు మామూలు బండ్లలోకి విరివిగా రావడానికి ఆ ఒత్తిడి పెద్ద కారణం. ఆ బండ్లు తుక్కు యార్డులకు చేరే వేళకు, వాటి గేర్‌బాక్సులు పాత ట్రక్కులకు కొత్త జీవితం ఇవ్వడం మొదలుపెట్టాయి.

వీటిలో ముందు చెప్పుకోవాల్సింది బోర్గ్ వార్నర్ టి-5. 1980ల ఆరంభంలో అమెరికన్ మోటార్స్ కార్లలో మొదలై, 1983లో మస్టాంగ్, కమారోలలోకి వచ్చింది. అల్యూమినియం పెట్టె, బరువు 34 కిలోల చుట్టూ ఉంటుంది. ఒక మనిషి ఛాతీ మీద పెట్టుకుని ఎత్తి బిగించగలడు, ఎస్ఎం465తో ఆ సాహసం చేయకూడదు. 1985 నుంచి 'వరల్డ్ క్లాస్' అనే మెరుగైన రూపం వచ్చింది. అందులో గేర్లు షాఫ్ట్ మీద నీడిల్ బేరింగులపై తిరుగుతాయి, సింక్రో రింగుల లోపలి పూత వేరు. తొలి రకం తట్టుకునే టార్క్ 265 పౌండు-అడుగులు, మస్టాంగ్‌లో వచ్చిన తర్వాతి వరల్డ్ క్లాస్ రకాలది 300. పాత 216 ఇంజను ఇచ్చేది 170 చిల్లర కాబట్టి అక్కడ భయం లేదు. పెద్ద వీ8 ఇంజను ముందు పెట్టి బరువు కూడా లాగిస్తే మాత్రం టి-5 నిలవదు.

టి-5లు పైకి ఒకేలా కనిపించినా బండిని బట్టి వేరు. కమారో రకం పెట్టె 17 డిగ్రీలు పక్కకు ఒరిగి ఉంటుంది. ట్రక్కులో దాన్ని నిటారుగా కూర్చోబెట్టడం తలనొప్పి. మస్టాంగ్ రకం నిటారుగానే ఉంటుంది కానీ దాని గేర్ రాడ్ బాగా వెనక్కి వస్తుంది. కారులో రెండు విడి సీట్ల మధ్య అది చక్కగా అమరుతుంది. పాత పికప్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే బల్ల సీటు. రాడ్ సరిగ్గా దాని అంచును తాకుతుంది. షెవ్రొలే ఎస్-10 చిన్న పికప్‌లో వచ్చిన టి-5కు రాడ్ ముందుకు ఉంటుంది. తుక్కు యార్డుల్లో దానికి అంత గిరాకీ రావడానికి కారణం బలం కాదు, ఈ ఒక్క సౌకర్యమే. ఎస్-10 రకాల్లో మొదటి గేరు 4.03 ఉన్నవి సాధారణం. 4.11 ఇరుసుతో కలిస్తే మొదటి గేరు మొత్తం నిష్పత్తి పదహారు దాటుతుంది. బండి కదిలీ కదలకముందే రెండో గేరు అడుగుతుంది. 3.42 లేదా 3.73 ఇరుసు పెట్టేవారికే ఈ రకం నప్పుతుంది.

వీ8 ఉన్న 1967-72 షెవ్రొలే సీ10 లాంటి ట్రక్కులకు ఎన్‌వీ3500 మెరుగు. గెట్రాగ్ రూపకల్పనతో 1988లో జనరల్ మోటార్స్ ట్రక్కుల్లోకి వచ్చిన పెట్టెకు ఇది తర్వాతి పేరు. 1990లో జనరల్ మోటార్స్, క్రైస్లర్ ఉమ్మడిగా పెట్టిన న్యూ వెంచర్ గేర్ కంపెనీ దీన్ని తయారుచేసింది. ఎన్‌వీ4500 దీనికి అన్న. ఇనుప పెట్టె, మొదటి గేరు 5.61 (తొలి రకంలో 6.34). ట్రెయిలర్లు లాగేవారు దీన్ని కోరతారు. దీనికో పేరుపడ్డ రోగం ఉంది: ఐదో గేరును పట్టి ఉంచే నట్టు, ముఖ్యంగా బలమైన డీజిల్ ఇంజన్ల వెనక, వదులై వెనక్కి జరుగుతుంది. ఐదో గేరు పోతుంది, మిగతావన్నీ పనిచేస్తాయి. పాతది కొనేవారు ముందు ఆ నట్టు చూసుకుంటారు.

ఫోర్డ్ ట్రక్కుల వైపు మాజ్డా తయారీ ఎం5ఓడీ-ఆర్2 ఉంది. 1988 నుంచి ఎఫ్-150లో వచ్చింది. బెల్ హౌసింగ్ పెట్టెతో కలిసే పోతగా ఉంటుంది కాబట్టి, 300 ఘనపు అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను ఉన్న పాత ఎఫ్-100కు దీన్ని ఎక్కించడం మిగతా మార్పిడులంత కష్టం కాదు. పై మూత వెనకభాగంలో ఉన్న మూడు రబ్బరు బిరడాలు కాలక్రమంలో ఎండి నూనె కారుతుంది. ఎవరూ గమనించకపోతే పెట్టె ఎండిపోయి కాలిపోతుంది. వాటిని తీసి లోహపు బిరడాలు కొట్టడం పెట్టె కింద ఉన్నప్పుడే చేయాల్సిన పని. బండికి ఎక్కించాక చెయ్యి దూరదు.

కొత్త పెట్టె కొనగలిగినవారికి ట్రెమెక్ ఉంది. 1964లో మెక్సికోలోని కెరెటారోలో పుట్టిన ఈ కంపెనీ 1996లో బోర్గ్ వార్నర్ వారి మాన్యువల్ గేర్‌బాక్స్ వ్యాపారాన్ని కొనేసింది. పాత బండ్ల కోసమే ప్రత్యేకంగా తయారుచేసి 2020లో తెచ్చిన టీకేఎక్స్ 600 పౌండు-అడుగుల టార్క్ తట్టుకుంటుంది. గేర్ రాడ్‌ను ఒకటికి మించిన చోట్ల పెట్టుకునే వీలుంది. అర టన్ను ట్రక్కులో పాత ఆరు సిలిండర్ల ఇంజను వెనక అంత బలమైన పెట్టె పెట్టడం డబ్బు దండగే. వీ8 ఉంటే లెక్క వేరు.

ముందువైపు పని

ఇంజనుకూ గేర్‌బాక్స్‌కూ మధ్య బెల్ హౌసింగ్ ఉంటుంది. అడ్వాన్స్ డిజైన్ ట్రక్కుల్లో దాన్ని తీసి పారేయడం కుదరదు, ఎందుకంటే ఇంజను వెనకభాగాన్ని ఛాసిస్ మీద మోసే దిమ్మలు దానికే ఉంటాయి. పాత హౌసింగ్‌ను అలాగే ఉంచి, అడాప్టర్ ప్లేట్ ద్వారా టి-5ను బిగించే పద్ధతి అందుకే స్థిరపడింది. ఇలాంటి ప్లేట్లను తయారుచేసి అమ్మే చిన్న వర్క్‌షాపులు అమెరికాలో చాలా ఉన్నాయి.

క్లచ్ ప్లేట్ ఎంపికలో ఒక సూత్రం పాటిస్తారు: బయటి కొలత ఇంజను వైపుది, నడిమి రంధ్రం గేర్‌బాక్స్ వైపుది. పాత షెవ్రొలే ఇన్‌పుట్ షాఫ్ట్‌కు 10 స్ప్లైన్లు, అంటే పొడవాటి పళ్లు. జనరల్ మోటార్స్ టి-5ల్లో 14 లేదా 26. ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేట్‌కూ సరిపోయే వ్యాసం, షాఫ్ట్‌కు సరిపోయే స్ప్లైన్లు రెండూ ఉన్న ప్లేట్ కొనాలి. క్రాంక్ షాఫ్ట్ చివర ఉండే పైలట్ బుష్‌కూ ఇదే వర్తిస్తుంది: బయట పాత కొలత, లోపల కొత్త కొలత. ఇన్‌పుట్ షాఫ్ట్ కొన బుష్‌లోకి తగినంత దూరం వెళ్తోందా, లేక అడుగున తగిలి క్రాంక్‌ను నెడుతోందా అన్నది బోల్టులు బిగించక ముందే కొలవాలి. పెట్టె హౌసింగ్‌కు పూర్తిగా ఆనకపోతే బోల్టులతో లాక్కురావడం గేర్‌బాక్స్ చెవులు విరగడానికి రాజమార్గం.

అందరూ దాటేసే పని ఇంకొకటి ఉంది. హౌసింగ్ వెనక ఉన్న పెద్ద రంధ్రం కేంద్రం, క్రాంక్ షాఫ్ట్ కేంద్రం ఒకే గీత మీద ఉండాలి. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ తగిలించి చేత్తో తిప్పి చూస్తే తేడా తెలుస్తుంది. ముల్లు మొత్తం తిరుగుడు 0.005 అంగుళం, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు, మించకూడదన్నది సాధారణ నియమం. మించితే కేంద్రం పక్కకు జరిగిన డోవెల్ పిన్నులు వేసి సరిచేస్తారు. ఇనుప పాత పెట్టెలు ఈ వంకరను ఏళ్ల తరబడి ఓర్చుకునేవి. సన్నని అల్యూమినియం పెట్టె ఓర్చుకోదు: గేర్లు గట్టిగా పడతాయి, ముందు బేరింగు త్వరగా అరుగుతుంది, తప్పు కొత్త గేర్‌బాక్స్ మీదికి పోతుంది.

ఎన్‌వీ3500, ఎం5ఓడీ పెట్టెలకు హైడ్రాలిక్ క్లచ్ కావాలి. పాత ట్రక్కుల్లో ఉండేది కడ్డీలతో పనిచేసే క్లచ్. మాస్టర్ సిలిండర్‌ను క్యాబిన్ ముందు గోడకు బిగించాల్సి వస్తుంది. ఆ రేకు పల్చన. పెడల్ తొక్కిన ప్రతిసారీ వంగుతుంది, క్లచ్ పూర్తిగా విడవదు. వెనక మందపాటి ప్లేటు వేస్తే ఆ బాధ పోతుంది.

ఒక్క విషయంలో పాత ట్రక్కులు దయగలవి. క్యాబిన్ నేలలో గేర్‌బాక్స్ మీది భాగం విడిగా బోల్టులతో ఊడి వచ్చే రేకు. చాలా మెకానిక్‌లు సీటు తీసేసి, పెట్టెను క్యాబిన్ లోపలి నుంచే దించి ఎక్కిస్తారు.

వెనకవైపు పని

అసలు చిక్కు ఇక్కడుంది. 1955కు ముందటి షెవ్రొలే అర టన్ను ట్రక్కుల్లో ప్రొపెల్లర్ షాఫ్ట్ బయటికి కనబడదు. అది ఒక గొట్టంలో ఉంటుంది. గొట్టం ముందుకొన గేర్‌బాక్స్ వెనక ఒక బంతి కీలులో కూర్చుంటుంది, వెనక కొన ఇరుసు పెట్టెకు గట్టిగా బిగిసి ఉంటుంది. దీన్ని టార్క్ ట్యూబ్ అంటారు. చక్రాలు నేలను నెట్టినప్పుడు వచ్చే తోపు ఈ గొట్టం ద్వారానే బండికి చేరుతుంది. టి-5 వెనక అలాంటి బంతి కీలు లేదు. కనుక గొట్టం పోవాలి, గొట్టంతో పాటు ఇరుసూ పోవాలి. ఇకమీదట ఆ తోపును కమాన్ కట్టలు భరించాలి.

కొత్త ఇరుసు ఎస్-10 నుంచో, పాత కమారో నుంచో, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ నుంచో వస్తుంది. ఎక్స్‌ప్లోరర్ 8.8 అంగుళాల ఇరుసు చవక, దృఢం, కొన్నిటికి డిస్క్ బ్రేకులూ ఉంటాయి. అయితే దాని పినియన్ మధ్యలో కాక ఒక పక్కకు ఉంటుంది. పాత ట్రక్కు చక్రానికి ఐదున్నర అంగుళాల వృత్తం మీద ఆరు బోల్టులు. ఎక్స్‌ప్లోరర్‌కు నాలుగున్నర మీద ఐదు, ఎస్-10కు నాలుగు ముప్పావు మీద ఐదు. వెనక చక్రాలు ఒక రకం, ముందు చక్రాలు ఇంకో రకం అవుతాయి. రెండు స్టెప్నీలు మోయలేక యజమాని ముందు హబ్‌లు కూడా మారుస్తాడు, ఎటూ మారుస్తున్నాం కదా అని డిస్క్ బ్రేకులు వేస్తాడు. ఒక గేర్‌బాక్స్ కోసం మొదలైన పని నాలుగు చక్రాలూ చుట్టి వస్తుంది. బడ్జెట్ వేసుకునేవారు గేర్‌బాక్స్ ధరతో మొదలుపెట్టడం కంటే ఇరుసుతో మొదలుపెట్టడం మేలు.

షాఫ్ట్‌ను కొత్త పొడవుకు కోసి, వెల్డ్ చేసి, బ్యాలెన్స్ చేయించాలి. ముందు కొనన ఉండే స్లిప్ యోక్‌కు జనరల్ మోటార్స్ టి-5 అయితే 27 స్ప్లైన్లు, ఫోర్డ్ టి-5 అయితే 28. యోక్‌ను పూర్తిగా లోపలికి నెట్టి, అంగుళం వెనక్కి లాగి, బండి బరువు చక్రాల మీద ఉండగా పొడవు కొలుస్తారు. జాకీ మీద వేలాడే ఇరుసుతో కొలిస్తే లెక్క తప్పుతుంది. ఇక కోణాలు: గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ ఎంత కిందికి చూస్తుందో, పినియన్ అంతే పైకి చూడాలి, అప్పుడే ముందు యూనివర్సల్ జాయింట్ తెచ్చే వేగపు ఒడిదుడుకును వెనక జాయింట్ రద్దు చేస్తుంది. రెండింటి మధ్య డిగ్రీకి మించి తేడా ఉంటే హైవే వేగంలో సీటు కింద వణుకు మొదలవుతుంది. కోణం పూర్తిగా సున్నా ఉండకూడదు కూడా. జాయింటులోని నీడిల్స్ కదలక ఒకేచోట గుంటలు పడతాయి. కమాన్ కట్ట మీద ఇరుసు కూర్చునే దిమ్మలను అన్నీ సరిచూశాకే వెల్డ్ చేయాలి. తొందరపడి ముందే వెల్డ్ చేసినవారు గ్రైండర్‌తో కోసి మళ్లీ మొదలుపెడతారు.

పార్కింగ్ బ్రేకు సంగతి మరిచిపోకూడదు. బరువు ఎక్కువ మోసే కొన్ని పాత ట్రక్కుల్లో అది చక్రాలకు కాక గేర్‌బాక్స్ వెనక షాఫ్ట్ మీది డ్రమ్‌కు ఉంటుంది. పెట్టె దించితే ఆ బ్రేకూ పోయినట్టే. కొత్త ఇరుసు డ్రమ్ములకు కేబుల్ లాగడం తప్పనిసరి. స్పీడోమీటర్ కూడా అంతే: 1980ల పెట్టెల్లో కేబుల్ పెట్టే చోటు ఉంటుంది, తర్వాతివాటిలో విద్యుత్ సెన్సర్ మాత్రమే. పాత ముల్లు మీటరు ఉంచాలంటే పెట్టె వయసు చూసి కొనాలి.

నూనె, నడిపే తీరు

పాత పెట్టెల్లో చిక్కటి గేర్ ఆయిల్ పోసిన అలవాటుతో కొత్తదానిలోనూ అదే పోస్తే సింక్రో రింగులు పట్టు తప్పుతాయి. వరల్డ్ క్లాస్ టి-5కూ ఎం5ఓడీకీ కావాల్సింది ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే పల్చటి ఏటీఎఫ్. ఎన్‌వీ3500కు దాని సొంత సింక్రోమెష్ ద్రవం. ఎన్‌వీ4500కు 75డబ్ల్యూ-90 సింథటిక్.

ఐదో గేరు వేగం పెంచడానికి కాదు, అందుకున్న వేగాన్ని తక్కువ శ్రమతో నిలబెట్టడానికి. గంటకు 60 కిలోమీటర్ల దగ్గర ఐదో గేరు వేసి యాక్సిలరేటర్ తొక్కితే 216 లాంటి ఇంజను మూలుగుతుంది. ఆ మూలుగు బాబిట్ బేరింగుల మీద పడే దెబ్బ. ఎత్తు ఎక్కేటప్పుడు, ట్రెయిలర్ లాగేటప్పుడు నాలుగుకు దిగాలి. చాలా ఐదు గేర్ల పెట్టెల్లో బలమైన గేరు నాలుగోదే. అందులో శక్తి గేరు పళ్ల మీద భారం మోపకుండా నేరుగా ప్రవహిస్తుంది.

మన దగ్గర

పికప్ ట్రక్కుల ఈ సంప్రదాయానికి మన దేశంలో దగ్గరి బంధువు జీపు. మూడు, నాలుగు గేర్ల పాత మహీంద్రా జీపులకు అదే కంపెనీ తర్వాతి బండ్ల ఐదు గేర్ల పెట్టె ఎక్కించే ప్రయత్నాలు జరుగుతుంటాయి. సూత్రాలు అవే. జీపు పొట్టిది, పైగా గేర్‌బాక్స్ వెనక ట్రాన్స్‌ఫర్ కేస్ ఉంటుంది. పెట్టె పొడుగైన కొద్దీ వెనక షాఫ్ట్ పొట్టిదై కోణం బాగా పెరుగుతుంది. చట్టం విషయంలో మాత్రం పోలిక లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగానే సమర్థించింది. పని మొదలుపెట్టే ముందు రవాణా కార్యాలయంలో అడగడం, దించిన పాత పెట్టెను తుక్కుకు వేయకుండా ఉంచుకోవడం వివేకం. అమెరికాలోనూ పాత టార్క్ ట్యూబ్‌నూ ఇరుసునూ షెడ్డులో భద్రపరిచే యజమానులున్నారు. అసలు రూపంలోనే ఉన్న ట్రక్కుకు విలువ కట్టే కొనుగోలుదారు ఎప్పుడో ఒకప్పుడు రావచ్చు, అప్పుడు ఆ పాత ఇనుము కొత్త గేర్‌బాక్స్ కంటే ఎక్కువ పలకవచ్చు.